వంశపారంపర్య రెటీనా జబ్బులకు కొత్త చికిత్సలు: మన గోదావరి జిల్లాల వారికి అందేవి ఏవి?

ముమ్మిడివరం మేనమామ

సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలి కొడుకు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. చిన్నతనం నుంచి వాడికి రేచీకటి ఉంది. సందె పడ్డాక కాలువ గట్టు మీద సైకిలు తొక్కలేకపోయేవాడు. విటమిన్ లోపమనుకుని ఆకుకూరలు, కోడిగుడ్లు పెట్టాము, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన విటమిన్ ఎ మందు కూడా వాడాము. ఇప్పుడు పగటి పూట కూడా పక్కనుంచి వచ్చే మనిషీ బండీ తెలియడం లేదంటున్నాడు. పెద్ద ఆసుపత్రిలో చూపిస్తే రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి లోపల వెలుగును పట్టే పొర, అంటే రెటీనా, క్రమంగా చెడిపోయే జబ్బు) అని చెప్పి, ప్రస్తుతానికి మందు లేదనీ ఏడాదికొకసారి వచ్చి చూపించుకోవాలనీ పంపించారు. చెల్లెలిని మా మేనత్త కొడుక్కే ఇచ్చాము. రెండు వైపులా పెద్దవాళ్లలో ఎవరికీ ఈ జబ్బు ఉన్నట్టు తెలియదు.

అడగవలసినవి రెండు ఉన్నాయి. అమెరికాలో ఒక్క ఇంజెక్షన్‌తో చూపు వస్తోందనీ దాని ధర ఏడు కోట్లనీ వాట్సాప్‌లో వచ్చింది, అది నిజమేనా? రెండవది, ఒక నగరంలోని ప్రైవేటు క్లినిక్ వారు మూలకణాల (స్టెమ్ సెల్స్) ఇంజెక్షన్లు ఇస్తామనీ నాలుగైదు విడతల్లో గుణం కనిపిస్తుందనీ కొన్ని లక్షలు అడుగుతున్నారు. మా చెల్లెలు అర ఎకరం కొబ్బరి తోట అమ్మడానికి సిద్ధంగా ఉంది. విషయం తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

కాకినాడ కళ్లద్దాలు

మేనమామ గారూ, నేను ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసే పని. డాక్టరును కాను గనుక చికిత్స చెప్పను, తెలిసిన విషయం మాత్రం చెబుతాను.

వాట్సాప్ వార్త అబద్ధం కాదు, కానీ అందులో సగమే ఉంది. ఆ మందు పేరు లక్స్‌టర్నా. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 డిసెంబరులో దానికి అనుమతి ఇచ్చింది. తయారీదారు ప్రకటించిన ధర ఒక్కో కంటికి 4,25,000 డాలర్లు, మీకు వచ్చిన కోట్ల లెక్క రెండు కళ్లకూ కలిపినది. అయితే అది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు అంతటికీ మందు కాదు, ఆర్‌పీఈ65 అనే ఒకే ఒక్క జన్యువులో దోషం ఉన్నవారికి మందు. తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ (కాపీలోనూ) తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ ఆ జన్యువు చెడి ఉండాలి, దానితో పాటు రెటీనాలో బతికి ఉన్న కణాలు తగినన్ని మిగిలి ఉండాలి. వంశపారంపర్య రెటీనా జబ్బులకు కారణమయ్యే జన్యువులు 270కి పైగా ఉన్నాయి. ఆర్‌పీఈ65 వాటిలో ఒకటి, అది కూడా తరచుగా కనిపించేది కాదు.

కంటికి వెలుగు తగిలిన ప్రతిసారీ రెటీనాలోని విటమిన్ ఎ రూపం మారిపోతుంది. దానిని తిరిగి పనికివచ్చే రూపానికి తెచ్చే ఎంజైమును ఆర్‌పీఈ65 జన్యువు తయారు చేయిస్తుంది. ఆ ఎంజైము లేనివారికి ఎన్ని ఆకుకూరలు పెట్టినా రేచీకటి పోదు. లక్స్‌టర్నాలో, హాని చేయని ఒక వైరస్ లోపల మంచి జన్యువును ఉంచి, శస్త్రచికిత్స చేసి రెటీనా కిందికి ఎక్కిస్తారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జీన్ బెనెట్, ఆల్బర్ట్ మెగ్వైర్ దంపతులు దీనిని ముందు పుట్టుగుడ్డి కుక్కల మీద పరీక్షించి, 2007లో మనుషుల మీద ట్రయల్స్ మొదలుపెట్టారు.

ఫలితం ఎంతవరకు అన్నది కూడా తెలుసుకోవాలి. చివరి దశ ట్రయల్‌లో అడ్డంకులు పెట్టిన దారిలో, వెలుతురు తగ్గిస్తూ, రోగులను నడిపించి చూశారు. చికిత్స పొందిన 20 మందిలో 13 మంది 1 లక్స్ వెలుగులో, అంటే దాదాపు చీకటి అనదగ్గ వెలుగులో, దాటగలిగారు. చికిత్స పొందనివారిలో ఒక్కరూ దాటలేదు. కానీ అక్షరాల పట్టిక చదివే చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గట్టు మీద రాత్రి నడవగలగడం చిన్న విషయం కాదని మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు, కానీ "చూపు వచ్చేసింది" అన్న మాటకు ప్రజలు అనుకునే అర్థం అది కాదు.

మీ మేనల్లుడికి జన్యు పరీక్ష చేయించారా?

ముమ్మిడివరం మేనమామ

లేదండీ. ఓసీటీ (రెటీనా పొరల స్కాన్), ఫీల్డ్ టెస్ట్ (చూపు విస్తీర్ణం కొలిచేది), ఈఆర్‌జీ (వెలుగుకు రెటీనా స్పందన కొలిచేది) చేశారు. జన్యు పరీక్ష గురించి డాక్టరు గారు చెప్పారట గానీ, చేయించినా మందు లేనప్పుడు ఎందుకని మా బావగారు వద్దన్నారు.

భీమవరం చెరువుగట్టు

నాకు ఇదే జబ్బు ఉంది కాబట్టి మీ బావగారి మాట నాకు కొత్తగా అనిపించలేదు. మా ఇంట్లో కూడా అదే అన్నారు. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా అంటే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడాలి, కరెంటు పోతే పరుగెత్తి జనరేటరు వేయాలి. ఆ పని నా వల్ల కాక, పగటి లెక్కలూ మేత కొనుగోలూ నేను చూసుకుంటూ రాత్రి పని తమ్ముడికి అప్పగించాను. ఈ వివరం ఎందుకంటే, ఈ జబ్బు ఉన్నవాడు మొదట చేసుకోవలసినది పనిని పగటికి మార్చుకోవడం, చికిత్స మాట తరువాతది.

జన్యు పరీక్ష నేను చేయించుకున్నాను. యూఎస్‌హెచ్2ఎ అనే జన్యువులో రెండు దోషాలు వచ్చాయి. నాకు వినికిడి కూడా కొంచెం తక్కువ. ఆ రెండూ ఒకే కారణం వల్ల వచ్చాయనీ దానిని అషర్ సిండ్రోమ్ అంటారనీ అప్పుడే తెలిసింది. అంతకు ముందు చెవికి ఒక డాక్టరు, కంటికి ఒక డాక్టరు విడివిడిగా చూస్తుండేవారు.

నివేదిక రాగానే ఇంటర్నెట్‌లో వెతికితే అల్టెవర్సెన్ అనే మందు కనిపించింది. చాలా సంతోషించాను. జన్యు సలహాదారు నివేదిక చదివి, ఆ మందు యూఎస్‌హెచ్2ఎ జన్యువులో 13వ ఎక్సాన్ అనే భాగంలో దోషం ఉన్నవారికి మాత్రమే తయారైనదనీ, నా దోషాలు వేరే చోట ఉన్నాయనీ చెప్పారు. నిరాశ కలిగింది, నిజమే. కానీ ఆ నివేదిక లేకపోతే "అషర్ సిండ్రోమ్‌కు మందు" అన్న శీర్షిక చూసి ఎవరు డబ్బు అడిగినా ఇచ్చేవాడిని. ఇప్పుడు ఏ వార్త వచ్చినా అది నాకు సంబంధించినదో కాదో ఐదు నిమిషాల్లో తేల్చుకోగలుగుతున్నాను.

రాజమండ్రి బయోటెక్

జన్యువు తెలియకుండా చికిత్స మాట ఎందుకు ఎత్తలేమో మరికాస్త వివరిస్తాను. నేను బయోటెక్నాలజీ బోధిస్తాను.

ఒకే జబ్బు పేరు కింద మూడు రకాల వారసత్వం ఉంటుంది. మొదటి రకంలో తల్లి ప్రతి, తండ్రి ప్రతి రెండూ చెడితేనే జబ్బు వస్తుంది. రెండవ రకంలో ఒక్క ప్రతి చెడినా చాలు, అప్పుడు తరతరానా కనిపిస్తుంది. మూడవ రకం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఎక్కువగా మగపిల్లలను తీవ్రంగా బాధిస్తుంది, తల్లికి చూపు బాగానే ఉన్నా ఆమె వాహకురాలు, అంటే దోషాన్ని పిల్లలకు అందించే మనిషి, కావచ్చు. మీ మేనల్లుడిది మేనరికపు సంతానం, పెద్దల్లో ఎవరికీ లేదు కాబట్టి మొదటి రకం అనుకోవడం సహజమే. కానీ పరీక్ష చేయకుండా అలా తీర్మానించకూడదు. తల్లి వైపు నుంచి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే ఆర్‌పీజీఆర్ జన్యు దోషం కూడా ఇలాగే, వంశంలో ఎవరికీ లేనట్టే, ఒక అబ్బాయిలో బయటపడవచ్చు. ఆ తేడా వాడికి రేపు పుట్టబోయే పిల్లల విషయంలో చాలా ముఖ్యం. ఆర్‌పీజీఆర్ అయితే వాడి కూతుళ్లందరూ వాహకులవుతారు, కొడుకులకు ఆ దోషం వెళ్లదు. మొదటి రకం అయితే లెక్క పూర్తిగా వేరు.

ఇక చికిత్సల సంగతి. జన్యువును మోసుకుపోయే ఏఏవీ అనే వైరస్‌లో సుమారు 4.7 కిలోబేస్‌ల (కిలోబేస్ అంటే వెయ్యి జన్యు అక్షరాలు) పొడవుకు మించి పట్టదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదికి కారెక్కుతుంది గానీ ఇరవై చక్రాల ట్రాలీ ఎక్కదు కదా, అదే సమస్య. ఆర్‌పీఈ65 చిన్నది కనుక పట్టింది. స్టార్‌గార్ట్ అనే మధ్య చూపు చెడే జబ్బుకు కారణమైన ఏబీసీఏ4 సుమారు 6.8 కిలోబేస్‌లు, భీమవరం గారి యూఎస్‌హెచ్2ఎ దానికి రెండింతల కన్నా పెద్దది. అందుకే అలాంటి జన్యువులకు రెండు ముక్కలుగా పంపడం, ఆర్‌ఎన్ఏ స్థాయిలో దోషాన్ని దాటించడం వంటి వేరే దారులు వెతుకుతున్నారు.

క్రిస్పర్ అనే జన్యు కత్తిరింపు పద్ధతి విషయం కూడా చాలామంది అడుగుతుంటారు. సీఈపీ290 జన్యువులోని ఒక నిర్దిష్ట దోషాన్ని కంటి లోపలే కత్తిరించి సరిచేసే ప్రయత్నం 2020లో అమెరికాలోని ఆరెగన్‌లో మొదలైంది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం 14 మందిలో 11 మందికి కనీసం ఒక కొలతలోనైనా మెరుగు కనిపించింది. అయినా తయారుచేసిన కంపెనీ 2022లోనే కొత్తవారిని చేర్చుకోవడం ఆపి భాగస్వామి కోసం చూసింది, ఎందుకంటే బాగా స్పందించగలిగిన రోగుల సంఖ్య చాలా చిన్నది. విజ్ఞానం పని చేసినా గిట్టుబాటు కాకపోతే మందు ఆగిపోతుందన్నది ఈ రంగంలో అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి.

విఫలమైనవీ చెప్పాలి. కొరాయిడెరీమియా అనే మరో వంశపారంపర్య రెటీనా జబ్బుకు జన్యు చికిత్స 2021లో మూడవ దశలో లక్ష్యం చేరలేదు. సీఈపీ290కు వచ్చిన సెపోఫార్సెన్ అనే మందు 2022లో ప్రధాన కొలతలో తప్పింది. ఆర్‌పీజీఆర్‌కు జాన్సన్ అండ్ జాన్సన్ వారి మూడవ దశ ట్రయల్ కూడా 2025లో లక్ష్యం చేరలేదు. ఇవేవీ మోసాలు కావు, పద్ధతిగా చేసి ఫలితం దాచకుండా చెప్పినవి.

నరసాపురం అమ్మ

నా బిడ్డకు మూడేళ్లు. పుట్టినప్పటి నుంచి కళ్లు నిలకడగా ఉండవు, ఎప్పుడూ వేళ్లతో కళ్లు నొక్కుకుంటూ ఉంటాడు. లీబర్ కంజెనిటల్ అమరోసిస్ అని, పుట్టుకతోనే చూపును దెబ్బతీసే రెటీనా జబ్బు అని చెప్పారు. రక్తం ఇచ్చి నివేదిక కోసం చూస్తున్నాము. చిన్నపిల్లలకు ఏదైనా ఉందా అన్నదే నా ప్రశ్న. పైన రాసినవన్నీ పెద్దవాళ్ల గురించే అనిపించింది.

కాకినాడ కళ్లద్దాలు

అమ్మా, పిల్లల విషయంలోనే ఇటీవల గట్టి ఫలితాలు వచ్చాయి, కానీ అవి కూడా జన్యువును బట్టే. 2025 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో లండన్ వైద్యులు నలుగురు చిన్నారుల ఫలితాలు ప్రచురించారు. ఏఐపీఎల్1 అనే జన్యువు లోపం వల్ల పుట్టుకతోనే వెలుగు, చీకటి తేడా తప్ప ఏమీ తెలియని పిల్లలు వాళ్లు. ఒకటి నుంచి మూడేళ్ల లోపు వయసులో జాగ్రత్త కోసం ఒక్క కంటికే చికిత్స చేశారు. మూడు నాలుగేళ్ల తరువాత ఆ కంట్లో కొలవగలిగినంత చూపు నిలిచింది, చికిత్స చేయని కంట్లో చూపు కొలవలేని స్థితికి పడిపోయింది. జీయూసీవై2డి అనే మరో జన్యువుకు అమెరికాలో 15 మందితో జరిగిన ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. ఎక్కువ మోతాదు పొందినవారిలో వెలుగును గుర్తించే శక్తి సగటున 100 రెట్లు పెరిగింది.

ఈ రెండూ ఇంకా మార్కెట్లో దొరికే మందులు కావు. మీకు ఇప్పుడు ముఖ్యమైనది నివేదిక ఆలస్యం కాకుండా చూసుకోవడం, ఎందుకంటే కొన్ని జన్యువుల్లో రెటీనా కణాలు బతికి ఉండే కాలం తక్కువ. వేళ్లతో కళ్లు నొక్కుకునే అలవాటు ఈ జబ్బులో తరచుగా కనిపిస్తుంది, అది కంటికి మంచిది కాదు, చేతికి ఏదైనా బొమ్మ ఇచ్చి మళ్లించండి. నివేదిక ఏదైనా రానివ్వండి, తాకడం, వినడం ద్వారా నేర్పించే శిక్షణ ఇప్పుడే మొదలుపెట్టాలి. చికిత్స వచ్చేదాకా ఆగితే ఎదుగుదల ఆగదు గానీ వెనుకబడుతుంది.

పాలకొల్లు మాస్టారు

చర్చ బాగుంది. ఒక్క విషయంలో నాకు అభ్యంతరం ఉంది. ఏ జబ్బు వచ్చినా మేనరికం మీదికి నెట్టేయడం ఈ మధ్య అలవాటయింది. మన జిల్లాల్లో తరతరాలుగా మేనరికాలు జరిగాయి, అందరి పిల్లలూ గుడ్డివారు కాలేదు. ఆడపిల్లను ఇచ్చిన ఇంట్లో ఈ మాట అంటే ఆ తల్లి గుండె ఏమవుతుందో ఆలోచించాలి.

రాజమండ్రి బయోటెక్

మాస్టారు గారూ, తల్లిని నిందించడం తప్పన్న మాట నూటికి నూరు పాళ్లూ ఒప్పుకుంటాను. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం, అందులో తల్లి పాలు ఎంతో తండ్రి పాలు అంతే. కానీ లెక్కను కాదనలేము. మేనమామ, మేనకోడలు పెళ్లాడితే పుట్టే బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి రావడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య అయితే పదహారింట ఒక వంతు. అరుదైన దోషం రెండు వైపుల నుంచీ కలిసే దారి అక్కడ తెరుచుకుంటుంది. మేనరికం లేని దంపతులకూ ఈ జబ్బు పిల్లలు పుడుతున్నారు, ఒక్క ప్రతితోనే వచ్చే రకాలకు మేనరికంతో సంబంధమే లేదు. జరిగిపోయిన పెళ్లి గురించి కాదు నా మాట. ఆ ఇంట్లో ఇక జరగబోయే మేనరికపు సంబంధాలకు ముందు వాహక పరీక్ష చేయించుకోవచ్చు, అందులో అవమానం ఏమీ లేదు.

పాలకొల్లు మాస్టారు

ఆ మాట వేరు. దానికి నేను అడ్డు చెప్పను.

అమలాపురం కోడ్

నాదొక ప్రశ్న. జన్యువుతో పని లేకుండా అందరికీ వర్తించే చికిత్సలు కూడా వస్తున్నాయి కదా? అలాంటప్పుడు పరీక్షకు అంత ప్రాముఖ్యం ఎందుకు? నేను చదివినవి చెబుతాను, తప్పులుంటే దిద్దండి.

మొదటిది ఆప్టోజెనెటిక్స్. వెలుగును పట్టే కణాలు పూర్తిగా చచ్చిపోయాక, వాటి వెనుక మిగిలిన నరాల కణాలకే వెలుగును గుర్తించే ప్రోటీన్‌ను జన్యువు ద్వారా అందించడం ఈ పద్ధతి. నాచుజాతి జీవుల్లో దొరికిన ప్రోటీన్లు దీనికి ఆధారం. 2021లో నేచర్ మెడిసిన్‌లో ప్రచురించిన ఫలితంలో, దశాబ్దాలుగా రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న 58 ఏళ్ల మనిషి, ప్రత్యేకమైన కళ్లజోడు పెట్టుకుని బల్ల మీది వస్తువులను గుర్తించి లెక్కపెట్టగలిగారు. ఎంసీఓ-010 అనే మరో మందును కళ్లజోడు లేకుండానే, కంట్లోకి మామూలు ఇంజెక్షన్‌గా ఇచ్చి చూస్తున్నారు. దాని తొలి దశ మానవ పరీక్ష మన దేశంలోనే జరిగింది. ఇక ఓసీయూ400 అనేది ఎన్ఆర్2ఈ3 అనే ఒక నియంత్రక జన్యువును అందించి రెటీనా మొత్తాన్ని నిలబెట్టే ప్రయత్నం, మూడవ దశలో ఉంది. కోవాక్సిన్ సమయంలో భారత్ బయోటెక్‌తో ఒప్పందం చేసుకున్న ఆక్యూజెన్ కంపెనీ వారిదే ఇది.

రెండవది ఎలక్ట్రానిక్ కన్ను. అయితే దీని చరిత్ర చదివాక నాకు ఉత్సాహం తగ్గింది. ఆర్గస్-2 అనే రెటీనా చిప్‌కు అమెరికాలో 2013లో అనుమతి వచ్చింది. కంపెనీ కొన్నేళ్లకు ఆ ఉత్పత్తిని ఆపేసింది, కళ్లలో చిప్ పెట్టించుకున్నవారు మరమ్మతు, విడిభాగాలు లేకుండా మిగిలిపోయారు. సాఫ్ట్‌వేరు వృత్తిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, ఫోనుకు అప్‌డేట్ ఆగితే కొత్త ఫోను కొంటాము, కంట్లోని పరికరానికి ఆగితే ఏం చేస్తాము? 2025లో ప్రైమా అనే చిన్న చిప్‌కు మంచి ఫలితాలు ప్రచురితమయ్యాయి గానీ, అవి వయసుతో వచ్చే మాక్యులా (రెటీనా మధ్య భాగం) క్షీణత ఉన్నవారిలో, వంశపారంపర్య జబ్బులో కాదు.

రాజమండ్రి బయోటెక్

మీరు రాసినది సరిగానే ఉంది. కానీ ఆప్టోజెనెటిక్స్ ప్రధానంగా చూపు దాదాపు పోయినవారికి. డిగ్రీ చదువుతూ, మధ్య చూపు ఇంకా బాగున్న అబ్బాయికి ఇప్పుడే అది ఎవరూ చేయరు, చేయకూడదు కూడా. జన్యువుతో పని లేని చికిత్సల ట్రయల్స్‌లో సైతం చాలావాటికి జన్యు నివేదిక అడుగుతారు. ఇంకొకటి, ఒక జన్యు చికిత్స ట్రయల్‌లో చేరినవారిని మరొక దానిలోకి సాధారణంగా తీసుకోరు. అదే రకం వైరస్‌ను శరీరం గుర్తుపట్టి ఎదుర్కోవచ్చు కూడా. అందుకే తొందరపడి మొదట దొరికిన దానిలో చేరడం కన్నా, తన జన్యువుకు సరిపడే దానికోసం ఎదురుచూడడం ఒక్కోసారి మేలు.

భీమవరం చెరువుగట్టు

మూలకణాల ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. తోట అమ్మే మాట అక్కడ ఉంది కాబట్టి అదే ముందు తేలాలి.

కాకినాడ కళ్లద్దాలు

అవును, అది చెప్పకుండా పోకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన జబ్బుల్లో చేసే మూలకణ మార్పిడి వంటి ఆమోదించిన కొద్ది చికిత్సలు తప్ప, మిగతా మూలకణ ప్రయోగాలన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకుని చికిత్సగా ఇవ్వకూడదు. రెటినైటిస్ పిగ్మెంటోసాకు ఆమోదించిన మూలకణ చికిత్స మన దేశంలో లేదు. మూలకణ పరిశోధన మొత్తం దండగ అని నేను అనడం లేదు, ప్రయోగశాలలో పెంచిన రెటీనా కణాలతో సక్రమమైన ట్రయల్స్ జరుగుతున్నాయి. మీ చెల్లెలి గారిని అడుగుతున్నది అది కాదు.

ఏం జరగవచ్చో ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్ ముగ్గురు మహిళల పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను మూలకణాలని చెప్పి రెండు కళ్లలోనూ ఎక్కించింది. వారికి ఉన్నది మాక్యులా క్షీణత. ముగ్గురికీ చూపు తీవ్రంగా దెబ్బతిన్నది, రెటీనా ఊడిపోవడం వంటివి జరిగాయి. 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ వివరాలు వచ్చాయి. ఆ ప్రయోగానికి వారే డబ్బు కట్టారు, పైగా ఒకే రోజు రెండు కళ్లకూ చేశారు. పద్ధతి తెలిసినవారెవరూ రుజువు కాని ప్రయోగాన్ని రెండు కళ్లకూ ఒకేసారి చేయరు. పైన లండన్ పిల్లలకు ఒక్క కంటితోనే ఆగారని రాసింది అందుకే.

మేనమామ గారూ, ఆ క్లినిక్ వారిని ఒకే ఒక్క విషయం అడగండి: సీటీఆర్ఐలో మీ ట్రయల్ నమోదు సంఖ్య ఎంత? అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు, 2009 నుంచి నమోదు తప్పనిసరి. సంఖ్య ఇస్తే అక్కడ ఏ జబ్బు, ఏ దశ, ఏ నీతి సంఘం ఆమోదించింది అన్నవి కనిపిస్తాయి. సంఖ్య ఉండి కూడా డబ్బు అడిగితే మరీ అనుమానించండి, ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు రోగి డబ్బు కట్టనక్కరలేదు. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని కలిగితే వైద్యమూ పరిహారమూ ఇవ్వవలసిన బాధ్యత నిర్వాహకులది. అంగీకార పత్రం తెలుగులో అడిగి తీసుకునే హక్కు మీకు ఉంది.

రావులపాలెం అరటితోట

నాకు స్టార్‌గార్ట్ అని చెప్పారు. విటమిన్ ఎ ఎక్కువ మోతాదులో వేసుకుంటే మంచిదని ఒకరు, ఎన్ఏసీ మాత్రలు మంచివని మరొకరు అంటున్నారు. ఏది నమ్మాలి?

కాకినాడ కళ్లద్దాలు

స్టార్‌గార్ట్ అయితే విటమిన్ ఎ మాత్రలు వేసుకోకండి. ఏబీసీఏ4 లోపంలో విటమిన్ ఎ నుంచి పుట్టే వ్యర్థాలే రెటీనాలో పేరుకుని హాని చేస్తాయి. ఆహారంలో వచ్చేది చాలు. రెటినైటిస్ పిగ్మెంటోసాకు 1993లో అమెరికాలో జరిగిన అధ్యయనం రోజుకు 15,000 యూనిట్ల విటమిన్ ఎ కొంత మేలు చేస్తుందని చెప్పింది గానీ, 2023లో అదే కేంద్రం వారి సమాచారాన్ని జన్యువులతో కలిపి మళ్లీ పరిశీలిస్తే మేలు కనబడలేదు. గర్భిణులకు ఆ మోతాదు ప్రమాదం, కాలేయానికీ భారమే.

ఎన్ఏసీ మీద రెటినైటిస్ పిగ్మెంటోసా రోగుల్లో పెద్ద ట్రయల్ నడుస్తోంది, 1,800 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు చొప్పున ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తున్నారు. మందుల షాపులో కఫానికి అమ్మే నీళ్లలో కరిగే మాత్ర అదే పదార్థం కాబట్టి కొందరు సొంతంగా మొదలుపెడుతున్నారు. ఫలితం రాకముందే, అదీ స్టార్‌గార్ట్‌కు, అలా చేయడం నాకు సమ్మతం కాదు.

భీమవరం చెరువుగట్టు

కొత్త చికిత్సల మాటల్లో పడి ఇప్పుడే చేయగలిగినవి మరిచిపోకూడదు. నాకు మధ్య చూపు మసకబారితే జబ్బు ముదిరిందని వదిలేయబోయాను, పరీక్షలో శుక్లం అని తేలింది. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చిన్న వయసులోనే శుక్లాలు వస్తాయి. ఆపరేషన్ తరువాత మిగిలిన చూపు తేటపడింది. కొందరికి మాక్యులాలో నీరు చేరుతుంది, దానికి చుక్కల మందులు ఉన్నాయి. ఏడాదికొకసారి రమ్మనడం అందుకే, మొక్కుబడికి కాదు.

ఇంకొక మాట. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం అక్షరాలు చదవగలిగే చూపు ఒక్కటే కాదు, చూపు విస్తీర్ణం కూడా లెక్కలోకి వస్తుంది. అది 40 డిగ్రీల కన్నా తక్కువకు కుదించుకుపోతే తక్కువ చూపుగా, 10 డిగ్రీల కన్నా తక్కువైతే అంధత్వంగా పరిగణిస్తారు. మా సదరం క్యాంపులో మొదట అక్షరాల పట్టిక చదివించి "నీకు చూపు ఉంది" అన్నారు. ఫీల్డ్ టెస్ట్ నివేదిక చూపించాకే సర్టిఫికెట్ ఇచ్చారు. సచివాలయంలో స్లాట్ తీసుకునేటప్పుడే ఆ నివేదిక దగ్గర పెట్టుకోండి. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి దివ్యాంగుల పెన్షను నెలకు 6,000 రూపాయలు. మీ మేనల్లుడికి ఉద్యోగ పరీక్షల్లో రిజర్వేషను కూడా వర్తించవచ్చు.

ముమ్మిడివరం మేనమామ

అందరికీ కృతజ్ఞతలు. ఆ క్లినిక్‌కు ఫోను చేసి నమోదు సంఖ్య అడిగాను. "అవన్నీ మీకెందుకండీ, ముందు అడ్వాన్సు కట్టి రండి" అన్నారు. చెల్లెలు పక్కనే ఉండి విన్నది. తోట అమ్మకం ప్రస్తుతానికి ఆగింది, పూర్తిగా మానుకుందని మాత్రం చెప్పలేను. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒక మందు చెబుతూనే ఉన్నారు.

జన్యు పరీక్షకు బావగారు ఒప్పుకున్నారు. మాకు హైదరాబాదు దూరం. దగ్గరలో ఎక్కడ అడగాలి? రక్తం అబ్బాయిది ఒక్కడిది ఇస్తే చాలా?

రాజమండ్రి బయోటెక్

ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు హైదరాబాదుతో పాటు విజయవాడ దగ్గర తాడిగడపలోనూ విశాఖపట్నంలోనూ ప్రాంగణాలు ఉన్నాయి. రావులపాలెం వచ్చి హైవే ఎక్కితే మీకు విజయవాడ బస్సులకు కొదవ లేదు. ముందుగా ఫోను చేసి జన్యు సలహా విభాగం ఏ ప్రాంగణంలో, ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని వెళ్లండి.

అబ్బాయితో పాటు తల్లిదండ్రుల నమూనాలు కూడా ఇవ్వగలిగితే ఇవ్వండి. అబ్బాయిలో రెండు దోషాలు కనిపించినప్పుడు అవి చెరొకరి నుంచి ఒకటి వచ్చాయా, రెండూ ఒకే వైపు నుంచి వచ్చాయా అన్నది తల్లిదండ్రుల రక్తంతోనే తేలుతుంది. ఒక్కోసారి "ప్రాముఖ్యం తేలని మార్పు" అని నివేదిక వస్తుంది. ప్రపంచ జన్యు భాండాగారాల్లో మన వాళ్ల సమాచారం తక్కువ కాబట్టి అది మనకు కాస్త ఎక్కువగానే ఎదురవుతుంది. అప్పుడు నివేదికను పారేయకండి, రెండు మూడేళ్ల తరువాత అదే సమాచారాన్ని మళ్లీ చదివించమని అడగండి. వంశవృక్షం ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, మేనరికాలు ఎక్కడెక్కడ జరిగాయో గుర్తు పెట్టండి.

నరసాపురం అమ్మ

మా నివేదిక వచ్చింది. సీఆర్‌బీ1 అని ఉంది. దీనికి ఏదైనా ట్రయల్ ఉందో లేదో చూడడం నాకు రాదు, ఎవరైనా నేర్పుతారా?

అమలాపురం కోడ్

నేర్పుతానండీ. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే అమెరికా రిజిస్ట్రీలోనూ మన సీటీఆర్ఐలోనూ వెతుకు పెట్టెలో జన్యువు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో, నివేదికలో ఉన్నది ఉన్నట్టుగా కొట్టాలి. వచ్చిన జాబితాలో "రిక్రూటింగ్" అని ఉన్నవే చూడండి. ప్రతి దానిలోనూ అర్హత నిబంధనలు ఉంటాయి, వయసు దగ్గర ముందు ఆగండి, చాలా వాటిలో పిల్లలను తీసుకోరు. "నేచురల్ హిస్టరీ" అని ఉంటే అందులో మందు ఉండదు, జబ్బు ఎలా సాగుతుందో గమనిస్తారు, కానీ రేపటి ట్రయల్‌కు పిలుపు తరచుగా అలాంటి జాబితాల నుంచే వస్తుంది కాబట్టి దాటేయకండి. మీ నివేదికలో పేరు, ఫోను నంబరు చెరిపేసి జన్యు మార్పు ఉన్న పంక్తి మాత్రం నాకు సందేశంగా పంపండి, ఈ ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాము.